పడవ ఎక్కడుందో రేడియోకి ఎవరు చెప్పాలి?

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద నడిరాత్రి ఒక టమాటా లారీ ఆగిపోయిందనుకోండి. డ్రైవరు ఫోను తీసి "పుంగనూరు దాటి నాలుగు కిలోమీటర్లు వచ్చినానన్నా, ఎడమ పక్క పెట్రోలు బంకుంది" అంటే చాలు, మెకానిక్ బయల్దేరతాడు. తానెక్కడున్నదీ డ్రైవరుకు రోడ్డే చెబుతుంది. కిలోమీటరు రాయో, వంతెనో, గుడో, ఏదో ఒకటి కంటికి ఆనుతుంది.

కాకినాడ రేవు నుంచి తూర్పుగా నలభై కిలోమీటర్లు పోయిన పడవకు ఇవేవీ ఉండవు. ఎటు చూసినా ఒకే నీళ్ళు. పడవ నడిపే సరంగు వైర్‌లెస్ సెట్టు మైకు పట్టుకుని "నీళ్ళు ఎక్కుతున్నాయి, రండి" అని అరిస్తే విన్నవాళ్ళు మొట్టమొదట అడిగేది "ఎక్కడున్నారు?" అనే. జవాబు ఆయన కళ్ళెదుటే ఉంది. కేబిన్‌లో బిగించిన జీపీఎస్ తెర మీద అక్షాంశం, రేఖాంశం వెలుగుతున్నాయి. కానీ పడవ ఊగుతోంది, గాలి హోరు, వెనక నుంచి కళాసీల కేకలు. ఆ స్థితిలో పదిహేను అంకెలు తప్పు లేకుండా చదివి వినిపించాలి. అవతలివాడు అంతే తప్పు లేకుండా రాసుకోవాలి. అప్పటికి బ్యాటరీ తడవకుండా ఉండాలి.

జీపీఎస్‌కు పడవ ఎక్కడుందో తెలుసు. రేడియోకి ఆ మాటను దూరం పంపే బలం ఉంది. రెండూ ఒకే కేబిన్‌లో చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాయి, అయినా ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. వాటిని కలపడానికి కావలసినవి రెండు సన్నని వైర్లు.

సముద్రం మదనపల్లెకు గీత గీసినట్టు కొలిచినా 180 కిలోమీటర్లకు పైనే, కుప్పానికీ దాదాపు అంతే. అయినా స్థానాన్ని రేడియోకి కలిపే ఈ ఏర్పాటు మన రోడ్ల మీదికి ఎప్పుడో వచ్చింది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త ప్రయాణికుల రవాణా వాహనాల్లో, ఆటోల వంటివి మినహా, స్థానం తెలిపే పరికరం, ఆపద బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. బస్సులో ఆ బటన్ నొక్కితే లోపలి చిప్పు ఉపగ్రహాల నుంచి లెక్కగట్టిన స్థానాన్ని సిమ్ కార్డు టవరు దాకా మోసుకుపోతుంది. స్థానం, రేడియో, బటన్ ఒకే పెట్టెలో ఇమిడాయి. సముద్రంలో టవరు లేదు కాబట్టి అక్కడ పని కష్టం, పడవలో అవి వేర్వేరు పెట్టెలు కాబట్టి మరీ కష్టం.

చేత్తో లెక్కగట్టి పంపిన స్థానం ఎంత తప్పగలదో ప్రపంచమంతటికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మంచుకొండను ఢీకొన్నాక, నాలుగో అధికారి జోసెఫ్ బాక్స్‌హాల్ నక్షత్రాల కొలతలు, వేగం, గడియారం చూసి స్థానం లెక్కగట్టాడు. వైర్‌లెస్ గదిలో ఉన్నవాళ్ళు దాన్ని పంపారు. 1985లో సముద్రం అడుగున ఓడ శిథిలాలు దొరికినప్పుడు తేలిందేమిటంటే, ఆ స్థానానికీ అసలు చోటుకూ దాదాపు 13 నాటికల్ మైళ్ళు, అంటే 24 కిలోమీటర్ల తేడా. కార్పేతియా ఓడ ఆ తప్పు స్థానం వైపే పరుగెత్తింది. లైఫ్‌బోట్లు దాని దారిలోనే ఉండబట్టి కంటబడ్డాయి. ఆ ఓడ మరో దిక్కు నుంచి వస్తూ ఉంటే, బతికిన ఏడొందల మందిలో ఎందరు బతికేవారో.

మన బంగాళాఖాతంలో స్థానం తప్పడం ఒక్కటే కాదు, పాతబడటమూ ప్రమాదమే. మన తీరం వెంబడి సాగే ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి లాగుతుంది. సెకనుకు ఒక మీటరు లాగుడు ఉందనుకుందాం. ఇంజను ఆగిన పడవ ఆరు గంటల్లో 21 కిలోమీటర్లకు పైగా కొట్టుకుపోతుంది. ఎటు పోయిందో తెలియకపోతే వెతకాల్సిన వృత్తం 1,450 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. జీపీఎస్ చెప్పే తాజా స్థానంలో ఉండే తేడా మామూలుగా పది మీటర్ల లోపు. ఈ రెంటి మధ్య తేడాయే నీళ్ళలో చెక్కముక్క పట్టుకుని వేలాడే మనిషికి గంటలుగా, రోజులుగా మారుతుంది.

ఇక రేడియో సంగతి. పడవల్లో వాడేది వీహెచ్‌ఎఫ్ సెట్టు. దాని తరంగాలు 156 మెగాహెర్ట్‌జ్ దగ్గర మొదలవుతాయి. ఆపదకూ పిలుపుకూ ప్రపంచమంతటా కేటాయించింది 16వ ఛానల్, 156.8 మెగాహెర్ట్‌జ్. బిగించిన సెట్టు అత్యధికంగా 25 వాట్లతో పంపుతుంది. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే సాగుతాయి, భూమి వంపు దాటి కిందికి దిగవు. అందుకే వాట్ల కన్నా యాంటెనా ఎత్తు ముఖ్యం. మదనపల్లె చుట్టుపక్కల నేలంతా నున్నని సముద్రమైతే, ఊరికన్నా సుమారు 570 మీటర్లు ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ మీది యాంటెనా మాట దాదాపు వంద కిలోమీటర్లు, అంటే కుప్పం పొలిమేర దాకా వినబడుతుంది. అదే యాంటెనాను నీటికి నాలుగు మీటర్ల ఎత్తులో పడవ కొయ్యకు కడితే, అంతే ఎత్తున్న మరో పడవకు 16 కిలోమీటర్ల దాకా మాత్రమే అందుతుంది. తీరంలో 100 మీటర్ల టవరు ఉంటే అది 50 కిలోమీటర్లకు చేరుతుంది.

కొత్త తరం సెట్లలో మాటతో పాటు అంకెలు పంపే పద్ధతి కూడా ఉంటుంది. దాన్ని డీఎస్‌సీ అంటారు, 70వ ఛానల్ దానికే ప్రత్యేకం. ఆ ఛానల్‌లో ఎవరూ మాట్లాడకూడదు. సెట్టు ముందు భాగంలో మూత కింద ఎర్ర బటన్ ఉంటుంది. మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే సెట్టు అర సెకను సేపు ఒక సందేశం వదులుతుంది. అందులో పడవ గుర్తింపు సంఖ్య, ఆపద రకం, స్థానం, ఆ స్థానం తెలిసిన సమయం ఉంటాయి. మధ్యలో సంకేతం చెదిరినా అర్థమయ్యేలా ప్రతి అక్షరం రెండుసార్లు వెళుతుంది. ఎవరూ అందుకున్నట్టు జవాబివ్వకపోతే నాలుగు నిమిషాలకోసారి సెట్టు తానే మళ్ళీ పంపుతుంది. సరంగు నీళ్ళు తోడుతున్నా సరే, అది అరుస్తూనే ఉంటుంది. పరిధిలో ఉన్న ప్రతి డీఎస్‌సీ సెట్టులోనూ అలారం మోగుతుంది, తెర మీద స్థానం కనబడుతుంది. గుర్తింపు సంఖ్య తొమ్మిది అంకెలది. మన దేశపు పడవలకూ ఓడలకూ అది 419తో మొదలవుతుంది. ప్రభుత్వం కేటాయించిన సంఖ్యనే సెట్టులో ఎక్కించాలి. తోచిన అంకెలు కొడితే, ఆపదలో వెతికేవాళ్ళు మరొకరి పడవ కోసం ఆరా తీస్తారు.

ఇంత తెలివైన సెట్టుకు జీపీఎస్ వైరు కలపకపోతే ఏమవుతుంది? స్థానం ఉండాల్సిన చోట పది తొమ్మిదులు వెళతాయి, సమయం ఉండాల్సిన చోట నాలుగు ఎనిమిదులు వెళతాయి. "ఆపదలో ఉన్నాను, ఎక్కడున్నానో తెలియదు" అని దానర్థం. అందుకున్న పడవలో అలారం మోగుతుంది, సరంగు లేచి తెర చూస్తాడు, చూసి ఏ దిక్కుకు తిప్పాలో తెలియక నిలబడిపోతాడు. స్థానాన్ని చేత్తో కొట్టి ఉంచుకోవచ్చు, నిజమే. అయితే పడవ కదిలిన ప్రతిసారీ మళ్ళీ కొట్టాలి. వల లాగుతూ ఆ పని ఎవరు చేస్తారు? అందుకే చేత్తో ఎక్కించిన స్థానం ఇరవైమూడున్నర గంటలు దాటితే సెట్టు దాన్ని తానే చెరిపేస్తుంది. పాత స్థానం పంపడం కన్నా తెలియదనడమే నయమని ఆ నిబంధన రాసినవాళ్ళు తలచారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

జీపీఎస్, రేడియో వేర్వేరు కంపెనీలవి కావచ్చు. అవి మాట్లాడుకోవాలంటే ఒక ఉమ్మడి భాష కావాలి. అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ ఆ భాషను 1983లో రూపొందించింది. పేరు ఎన్‌ఎంఈఏ 0183. నలభై ఏళ్ళు దాటినా చేపల పడవ నుంచి వాహనాల ట్రాకర్ లోపలి చిప్పు దాకా ఇప్పటికీ అదే నడుస్తోంది. సెకనుకోసారి జీపీఎస్ ఒక వాక్యం పలుకుతుంది. వాక్యం డాలరు గుర్తుతో మొదలవుతుంది. తర్వాత పలికేది ఎవరు, ఏ రకం సమాచారం అని చెప్పే అయిదు అక్షరాలు, ఆ తర్వాత కామాలతో విడదీసిన సమయం, అక్షాంశం, రేఖాంశం, వేగం, దిశ, తేదీ వస్తాయి. చివర నక్షత్రం గుర్తు, రెండక్షరాల సరిచూపు సంఖ్య. దారిలో ఒక్క అక్షరం చెదిరినా ఆ సంఖ్య సరిపోదు, రేడియో ఆ వాక్యాన్ని వదిలేసి తర్వాతి దాని కోసం చూస్తుంది. వాక్యం నడుమ 'ఏ' అక్షరం ఉంటే స్థానం నమ్మదగినదని అర్థం. 'వీ' ఉంటే ఉపగ్రహాలు సరిగ్గా అందడం లేదని జీపీఎస్ తానే ఒప్పుకుంటున్నట్టు.

ఈ వాక్యంలో డిగ్రీలు, నిమిషాలు అంటుకుని ఉంటాయి. మదనపల్లె అక్షాంశం 13 డిగ్రీల 33 నిమిషాలు. వాక్యంలో అది 1333 అని వస్తుంది. దాన్ని ఎవరైనా 13.33 డిగ్రీలని చదివితే మదనపల్లె దక్షిణానికి 24 కిలోమీటర్లు జారి పుంగనూరు అక్షాంశం పక్కకు చేరుతుంది. డిగ్రీకి నిమిషాలు 60 మరి, 100 కావు. 33 నిమిషాలంటే 0.55 డిగ్రీ. యంత్రానికి యంత్రం చెప్పుకున్నప్పుడు ఈ పొరపాటు జరగదు. తెర మీది అంకెలను మనిషి చదివి మరో మనిషికి ఫోనులో చెప్పినప్పుడు జరుగుతుంది. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తున్నవారు నిమిషాలను ఎన్నడూ దశాంశాలతో కలగలపరు.

ఇక వైర్లు. ఈ భాషలో ఒకరు పలుకుతారు, ఎందరైనా వింటారు. జీపీఎస్ పలికేది, రేడియో వినేది. జీపీఎస్ వెనక నుంచి వచ్చే వైర్ల కట్టలో డేటా బయటికి పంపే వైరును రేడియో కట్టలో డేటా లోపలికి తీసుకునే వైరుకు కలపాలి. పంపే దాన్ని పంపేదానికి కలపడమే చాలాచోట్ల జరిగే తప్పు. రెండిటి మీదా ఒకే పేరు ఉంటే ఒకదానికొకటి జత అనిపించడం సహజం. డేటాకు రెండు వైర్లుంటాయి, ప్లస్సు, మైనస్సు. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు. పాత జీపీఎస్‌లలో డేటాకు ఒక్క వైరే ఉండి, రెండోదిగా బ్యాటరీ మైనస్సునే వాడతారు. అలాంటప్పుడు రేడియో డేటా మైనస్సును ఆ మైనస్సుకే కలపాలి. రంగులను నమ్మరాదు. ఒక కంపెనీ నీలం మరో కంపెనీకి గోధుమ. ఆ మోడల్‌తో వచ్చిన పుస్తకంలోని పట్టికను నమ్మాలి. 12 వోల్టుల సరఫరా వైరు పొరపాటున డేటా వైరుకు తగిలితే సెట్టు లోపలి భాగం కాలిపోవచ్చు, కాబట్టి పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు ఊడదీయాలి.

తర్వాత రెండు పరికరాల్లోనూ వేగం ఒకటే ఉండాలి, సెకనుకు 4,800 బిట్లు. ఓడల గుర్తింపు పరికరాలు 38,400 వేగంతో పలుకుతాయి. జీపీఎస్‌ను అంతకుముందు వాటికి కలిపి ఉంటే ఆ వేగమే మిగిలిపోయి ఉంటుంది. రేడియోకి అది అర్థం కాదు. వాక్యం మొదటి రెండు అక్షరాలతోనూ చిక్కుంది. జీపీఎస్ ఉపగ్రహాలనే వాడితే 'జీపీ' అని, పలు దేశాల ఉపగ్రహాలను కలిపి వాడితే 'జీఎన్' అని వస్తుంది. కొన్ని పాత రేడియోలు 'జీపీ'ని తప్ప మరోదాన్ని పట్టించుకోవు. జీపీఎస్ సెట్టింగుల్లో దీన్ని మార్చవచ్చేమో చూడాలి. రేడియో తెర మీద సమయం అయిదున్నర గంటలు వెనక చూపితే కంగారు పడనక్కర లేదు. అది ప్రపంచ ఉమ్మడి కాలం. కాకినాడలో సాయంత్రం ఆరైతే ఆ కాలం ప్రకారం మధ్యాహ్నం పన్నెండున్నర.

కలిపాక పనిచేసి, మైకు నొక్కగానే స్థానం మాయమైతే తప్పు డేటా వైరులో లేదు. 25 వాట్లతో పంపేటప్పుడు రేడియో అయిదారు ఆంపియర్లు లాగుతుంది. జీపీఎస్‌కూ అదే సన్నని సరఫరా వైరు వాడి ఉంటే వోల్టేజీ ఒక్కసారి పడిపోయి జీపీఎస్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. సరిగ్గా స్థానం అవసరమైన క్షణంలోనే అది కళ్ళు మూసుకుంటుందన్నమాట. రెండిటికీ బ్యాటరీ నుంచి విడివిడిగా, తగినంత లావు వైర్లు, విడివిడి ఫ్యూజులు ఉండాలి. డేటా వైరును యాంటెనా వైరుతో కలిపి కట్టకూడదు. అతుకుల దగ్గర ఊరికే మెలితిప్పి టేపు చుడితే ఉప్పుగాలికి కొన్ని నెలల్లో రాగి పచ్చగా చిలుము పట్టి లోలోపల తెగుతుంది. టంకం వేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడగడమో, నీరు చొరని కనెక్టరు వాడటమో చేయాలి. ఇప్పుడు జీపీఎస్‌ను లోపలే అమర్చిన రేడియోలూ వస్తున్నాయి. వాటికి ఈ వైరు గొడవ లేదు కానీ, కేబిన్ పైకప్పు ఇనుముదైతే లోపలి యాంటెనాకు ఆకాశం కనబడదు. మాట మాత్రమే పంపే పాత సెట్టుకైతే వైరు కలిపేందుకు చోటే ఉండదు.

మన తీరానికి ఇది ఎంత అవసరమో 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను చెప్పింది. గోదావరి మొగల్లోని భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళ నుంచి వేటకు పోయినవాళ్ళు సముద్రంలోనే చిక్కుకున్నారు. వందలాది మంది తిరిగి రాలేదు. హెచ్చరిక వాళ్ళకు చేరే దారీ లేదు, వాళ్ళ కేక ఒడ్డుకు చేరే దారీ లేదు.

ఆ తర్వాత చాలా మారింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లతో పాటు అలల, గాలుల హెచ్చరికలు ఇస్తోంది. 2019లో వచ్చిన జెమిని పరికరం వాటిని ఉపగ్రహం నుంచి అందుకుని బ్లూటూత్‌తో ఫోనుకు చేరుస్తుంది, అయితే అది వినగలదే గానీ పలకలేదు. ఇస్రో, కోస్ట్ గార్డ్ కలిసి 2010 నుంచి వాడుకలోకి తెచ్చిన ఆపద పరికరం 'డాట్', ఉపగ్రహం ద్వారా పడవ గుర్తింపును, స్థానాన్ని బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు చేరుస్తుంది. మొదటి తరం పరికరం నొక్కినవాడికి తన కేక ఎవరికైనా అందిందో లేదో తెలిసేది కాదు. 2024లో వచ్చిన రెండో తరంలో అందినట్టు తిరుగు సమాచారం వస్తుంది. నీళ్ళలో ఉన్న మనిషికి ఆ ఒక్క జవాబు ఎంత ధైర్యమో వేరే చెప్పాలా? శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదటి ఉపగ్రహం ఎగిరిన మన నావిక్ వ్యవస్థ నుంచి స్థానం తెలుసుకునేలా ఈ కొత్త పరికరాలను తయారుచేశారు. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం కింద 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. వాటితో రెండు వైపులా సందేశాలు పంపవచ్చు, సముద్ర సరిహద్దు దగ్గరపడితే అవి హెచ్చరిస్తాయి.

ఆ హెచ్చరిక విలువ ఉత్తరాంధ్రకు బాగా తెలుసు. 2018 చివర గుజరాత్ పడవల్లో పనికి వెళ్ళిన 22 మంది మన మత్స్యకారులను, సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ పట్టుకుపోయింది. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. ఏడాదికి పైగా జైలు, ఇంటి దగ్గర ఏడాదికి పైగా సంపాదన లేని పూటలు. తండేల్ సినిమా కథకు ఆధారం వాళ్ళ బతుకే.

ఉపగ్రహ పరికరాలు వచ్చాయి గదా, ఇక వీహెచ్‌ఎఫ్ ఎందుకనే మాట సరికాదు. ఉపగ్రహం చెప్పగా కోస్ట్ గార్డ్ నౌక బయల్దేరి రావడానికి సమయం పడుతుంది. మునిగే పడవ దగ్గరికి ముందుగా చేరగలిగేది పది కిలోమీటర్ల దూరంలో వల వేసుకుంటున్న మరో పడవే. దాని కేబిన్‌లో మోగేది వీహెచ్‌ఎఫ్. రెండూ ఉండాలి, రెండిటికీ స్థానం తెలియాలి. పరికరాలు పంచేటప్పుడే వైరు కలిపి, తెర మీద అంకెలు చూపించి, సరంగు చేత ఒకసారి మాట్లాడించే మనిషిని కూడా పంపాలని నా అభిప్రాయం. విశాఖపట్నంలో మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ కేంద్రం ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. ఒక పూటలో నేర్పగల పని ఇది. పరికరం ధర ముందు ఆ పూట ఖర్చు ఏపాటిది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు అల్లుతారు, ఇంజన్లు విప్పుతారు. ఈ వైరు చూసుకోవడానికీ అదే అదను. జీపీఎస్ వేసి రెండు నిమిషాలు ఆగి, రేడియో తెర మీది అంకెలు జీపీఎస్ అంకెలతో సరిపోతున్నాయో చూడాలి. మైకు నొక్కి పట్టి, అంకెలు నిలిచి ఉన్నాయో చూడాలి. పరీక్ష కోసం ఎర్ర బటన్‌ను ఎన్నడూ నొక్కకూడదు. పొరపాటున నొక్కితే సెట్టులో రద్దు చేసి, 16వ ఛానల్‌లో పడవ పేరు, సంఖ్య చెప్పి అది తప్పుడు పిలుపని వెంటనే ప్రకటించాలి. ఫోను అందే చోటైతే కోస్ట్ గార్డ్ నంబరు 1554కూ చెప్పాలి. రేడియో తెర మీద స్థానం రాకుండా గీతలే కనబడితే ముందు మల్టీమీటరుతో వెతకాల్సింది వైర్ల అతుకుల దగ్గరే, ఉప్పుగాలి మొదట చెరిచేది వాటినే.